కడలి మ్రింగిన వీథి

కాకినాడకు ఉత్తరమున, పిఠాపురమునకు చేరువను, బంగాళాఖాతపు ఒడ్డున ఉప్పాడ యను గ్రామము కలదు. 2022వ సంవత్సరము వరకు అది తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. ఇప్పుడు కాకినాడ జిల్లాలో చేరినది. ఆ గ్రామము రెండు విషయములకు పేరు వడసినది. ఒకటి, అచటి నేతగాండ్రు నేయు జాందానీ చీర. రెండవది, అచటి సముద్రము. చీరకై వచ్చినవారు చీర కొనుక్కొని పోవుదురు. సముద్రమును చూడవచ్చినవారు ఒడ్డున కూలిన గోడలను, వేళ్లు బయటపడి ఒరిగిన కొబ్బరిచెట్లను, తునిగిపోయిన రోడ్డును చూచి, నాలుగు ఛాయాచిత్రములు తీసికొని, నిట్టూర్చి మరలిపోవుదురు.

2020వ సంవత్సరము నవంబరు మాసాంతమున నివర్ అను తుపాను పుదుచ్చేరి ప్రాంతమున తీరము దాటినది. ఆ దినములలో ఉప్పాడ దగ్గర కూడ సముద్రము అల్లకల్లోలమైనది. కెరటములు తగ్గిన పిమ్మట తడి యిసుకలో పూసలవంటి బంగారపు తునకలు కొందరికి దొరకినవి. ఆ వార్త ప్రాకగనే స్త్రీలు, పురుషులు, పిల్లలు గుంపులు గుంపులుగ వచ్చి, చేతులతోను, దువ్వెనలతోను ఇసుకను గాలింపసాగిరి. పత్రికలలో వారి బొమ్మలు పడినవి. సముద్రములో కలిసిపోయిన పాత ఇండ్లనుండి, కోవెలలనుండి ఆ బంగారము కొట్టుకొని వచ్చినదని ఊరివారు చెప్పిరి. ఇల్లు కట్టునప్పుడు పునాదిలో పిసరంత బంగారము వేయుట మన ఆచారము గదా!

ఆ వార్త చదివినప్పుడు నాకొక ఆలోచన కలిగినది. తునక దొరికినవారు సంతోషించిరి, అది సహజము. కాని ఆ తునక ఎవరి ఇంటి పునాదిలోనిది? ఆ ఇల్లు ఏ వీథిలో, ఎవరి ఇంటికి ఎదురుగ నుండెను? ఇది చెప్పగలవారు ఆ గుంపులో ఎందరుండిరి? బంగారమునైతే కెరటము తిరిగి తెచ్చి యిచ్చినది. వీథిని తేలేదు.

ఈ ఆలోచన నాకు కొత్తగ కలిగినది కాదు. అంతకు కొన్ని యేండ్లకు పూర్వమే ఒక బాలిక దానిని నా తలలో నాటినది. ఆ కథ చెప్పుటలో నా పొరపాటు కూడ చెప్పవలసి యున్నది.

నేను ఉపాధ్యాయుడనుగ, పిమ్మట ప్రధానోపాధ్యాయుడనుగ ముప్పదియేండ్లకు పైగ పనిచేసితిని. అందు కొన్ని యేండ్లు ఆ తీరమునకు దగ్గరనున్న ఒక పాఠశాలలో గడచినవి. ఒక సంవత్సరము బాలల దినోత్సవమునకు “సముద్రము” అను విషయముపై చిత్రలేఖనపు పోటీ పెట్టితిని. నలువదియేడు చిత్తరువులు వచ్చినవి. వానిలో నలువదియారింట ఒక కొబ్బరిచెట్టు, ఒక నావ, ఎఱ్ఱని సూర్యబింబము ఉన్నవి. అందులోను సగము మంది సూర్యుడు సముద్రములో అస్తమించుచున్నట్లు చిత్రించిరి. తూర్పు తీరమున పుట్టి, ప్రతిదినము సముద్రములో సూర్యోదయము చూచు పిల్లలకు ఈ అస్తమయము ఎచటినుండి వచ్చినదో నాకు బోధపడలేదు. బహుశః సినిమాలనుండి వచ్చియుండును.

నలువదియేడవ చిత్తరువు ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక మత్స్యకార బాలిక వేసినది. కాగితము క్రింది సగమున ఒక వీథి, రెండు వరుసల పెంకుటిండ్లు, తాటాకు పాకలు, ప్రతి గుమ్మము ప్రక్కన ఇంటివారి పేరు. ఆ వీథి కాగితము నడుమకు వచ్చి, కత్తితో కోసినట్లు ఆగిపోయినది. పై సగమంతయు నీలిరంగు. నావ లేదు, పక్షి లేదు, కెరటము కూడ లేదు. నేను ఎఱ్ఱసిరాతో “సగము కాగితము ఖాళీగ విడువరాదు” అని వ్రాసి, పదింట నాలుగు మార్కులు వేసితిని.

మరునాడు ఆ బాలిక ఆ కాగితము పట్టుకొని నా గది గుమ్మమున నిలిచెను. “మేష్టారండీ, అది ఖాళీ కాదండి. అక్కడ మా మామ్మగారి ఇల్లుందండి” అనెను.

ఆ సాయంకాలము నేను వారి పేటకు పోయితిని. బాలిక మామ్మ ఒడ్డున వల బాగుచేయుచు కూర్చుండెను. డెబ్బదియేండ్లు దాటిన మనిషి. విషయము చెప్పగనే ఆమె లేచి, చేయి చాచి సముద్రమును చూపెను. “అదిగో బాబూ, ఆ కెరటం విరిగి తెల్లగా అవుతోంది చూడండి, అక్కడండి మా గుమ్మం. ఇవతల నూతి పళ్లెం. అవతల రామకోవెల. ఇంకా అవతల వలలు ఆరేసుకునే దిబ్బ. మూడిళ్లు కట్టామండి. రెండు సంద్రం తీసుకుంది. మూడోదాన్ని అడుగుతోంది” అని ఆమె చెప్పుచున్నప్పుడు ఆమె కంఠమున దుఃఖము లేదు. ఇరుగుపొరుగు ఇండ్ల సంగతులు చెప్పినట్లే చెప్పెను. నేను మాత్రము ఆ నీటివంక చూడలేక చూడలేక చూచితిని. నేను ఖాళీ యనుకొన్నచోట ఒక ఊరు ఉండెను.

మరునాడు తరగతిలో ఈ సంగతి చెప్పగనే పిల్లలు, “సముద్రము ఎందుకండీ ముందుకు వచ్చుచున్నది?” అని అడిగిరి. ఈ ప్రశ్నకు ఒక్క జవాబు చాలదు. నాకు తెలిసినంత చెప్పితిని, ఇక్కడను చెప్పెదను.

డెల్టా యనగా నది తాను తెచ్చిన ఒండ్రుమట్టితో కట్టిన నేల. సుమారు 1,465 కిలోమీటర్లు నడచి వచ్చిన గోదావరి, ధవళేశ్వరము దాటి పాయలై, వేలయేండ్లుగ మట్టిని పోసిపోసి ఈ పచ్చని సీమను సృష్టించినది. సముద్రము ఒడ్డును కోయుట కొత్త కాదు. కాని అది కోసికొనిపోయిన దానికి బదులుగ నది కొత్తమట్టిని తెచ్చి పోయుచుండెను. ఇప్పుడా బదులు తగ్గినది. 1970లలో సాలీనా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును తెచ్చిన నది 1990లలో 6 కోట్ల టన్నులకన్న తక్కువ తెచ్చినదని పరిశోధకులు లెక్కకట్టిరి. మిగిలినది ఎగువనున్న జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. 1976 మొదలు 2001 వరకు గోదావరి డెల్టా అంచున, కొత్తగ చేరిన నేలను లెక్కలో కలుపుకొన్న పిమ్మట కూడ, సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలైనది. కాటన్ దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్ట లేకున్నచో మన ఇండ్లలో అన్నము లేదు. కావున ఆనకట్టలను నిందించుట నాకిష్టము లేదు. కాని నీటిని పంచుకొన్నవారు మట్టి మాట తలపకపోయిరి.

రెండవ కారణము సముద్రపు మట్టమే పెరుగుట. భూమి వేడెక్కుచున్నకొలది సముద్రజలము వ్యాకోచించుచున్నది. హిమానీనదములు, ధ్రువప్రాంతపు మంచు కరిగి నీరగుచున్నవి. 1901 మొదలు 2018 వరకు ప్రపంచమున సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. అందును ఇటీవలి వేగము హెచ్చు: 2006 మొదలు 2018 వరకు సాలీనా 3.7 మిల్లీమీటర్లు. సాలీనా కొన్ని మిల్లీమీటర్లేయని తరగతిలో చెప్పగనే ఒక బాలుడు నవ్వి, “బియ్యపు గింజంత కూడ లేదు గదండీ!” అనెను. మంచి మాట. కాని నిటారుగ నున్న గోడకు ప్రక్కన నీరు గింజంత పెరిగినచో గింజంతయే పెరుగును. పళ్లెమువంటి నేలమీద పెరిగినచో ఎంతదూరము ప్రాకునో, ఒక పళ్లెములో నీరు పోసి మీరే చూడవచ్చును. మన కోనసీమయు, ఉప్పాడ తీరమును పళ్లెమువంటి నేలలు. అంతేకాక, తుపాను తెచ్చు ఉప్పెన ఆ పెరిగిన మట్టముమీద ఎక్కి వచ్చును. కొత్త ఒండ్రునేల తన బరువునకు తానే క్రుంగుట మరియొక కారణము. ఉప్పాడకు దక్షిణముననున్న హోప్ ద్వీపమను ఇసుకతిన్నె సుమారు రెండువందల యేండ్లలో పెరిగి కాకినాడ రేవునకు అడ్డుగోడయైనది. కాని దానివలన కెరటముల పోకడ మారి ఉప్పాడ మీద వాని దెబ్బ హెచ్చినదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒకరికి గొడుగైనది మరియొకరికి చూరునీరైనది. ఒడ్డున రాళ్లు పోసిరి. ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు పరచిరి. సముద్రము వానిని కూడ కదిలించినది.

నేల పోవుట మన తీరమునకు కొత్తకాదు. కాకినాడకు దక్షిణమున కోరంగి యను గొప్ప రేవు ఉండెను. అచట ఓడలు కట్టెడివారు. అచటినుండి మనవారు ఓడలెక్కి బర్మాకు పోయెడివారు. 1789వ సంవత్సరము డిసెంబరులో ఒక ఉప్పెన ఆ పట్టణమును ముంచెత్తినది. 1839వ సంవత్సరము నవంబరు 25వ తేదీన వచ్చిన తుపానుతో రేవు మరల కోలుకొనలేదు. మూడు లక్షల మంది మరణించిరని పెక్కు పుస్తకములలో నుండును. ఆ లెక్క అతిశయోక్తి యని తలచువారును కలరు. కలకత్తాలో నుండి తుపానులను గూర్చి పరిశోధించి, 1848లో వాని సుడి తిరుగుటను బట్టి “సైక్లోన్” అను మాటను కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కూడ కోరంగి ఉప్పెనను గూర్చి వ్రాసెను. ఇప్పుడు కోరంగి యనగా ఒక చిన్న గ్రామము, ప్రక్కన మడ అడవి.

అయినను కోరంగి పూర్తిగ పోలేదు. బర్మాలో తెలుగువారిని ఆ దేశీయులు చాలకాలము “కోరంగీలు” అనియే పిలిచిరి. రేవు మునిగినది, దాని పేరు సముద్రమునకు ఆవలి యొడ్డున మనుష్యుల పేరై నిలిచినది. ఇట్టిదే మరియొకటి చెప్పెదను. గోదావరికి సప్తర్షుల పేర ఏడు పాయలున్నవని మన పెద్దలు చెప్పుదురు. వానిలో కొన్ని ఎప్పుడో పూడిపోయి, ఇప్పుడు కాలువలవలె కనబడును. లేదా కనబడనే కనబడవు. కాని సప్తసాగర యాత్ర చేయువారు నేటికిని ఏడుచోట్ల స్నానము చేయుదురు. తుల్యభాగ కలియుచోటని చొల్లంగిలో అమావాస్యనాడు మునుగుదురు. ఆత్రేయ కలియుచోటని కోరంగిలో మునుగుదురు. నది మరచిన దారిని మనుష్యులు కాళ్లతో గుర్తుంచుకొనిరి.

ఈ రెండు ఉదాహరణములు చెప్పగనే ఆ బాలిక లేచి, “మరి మా వీథికి యాత్ర లేదు గదండీ?” అని అడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. చివరకు, “లేదు. పటము గీయుదము” అంటిని.

పటము గీయుట అనుకొన్నంత సులభము కాలేదు. మొదటి దినమున పిల్లలు తమ తమ పెద్దలను అడిగి గీసి తెచ్చిన పటములు ఒకదానితో నొకటి కలియలేదు. ఒకదానిలో రామకోవెల నూతికి తూర్పున, మరియొకదానిలో పడమట. ఒకనికి వీథి వంకర, ఒకనికి తిన్నన. అప్పుడు మాకు సాయమునకు వచ్చినవాడు ఒక నేతగాడు. మా తరగతిలోని మరియొక బాలుని తండ్రి.

జాందానీ నేత గూర్చి కొంచెము చెప్పనిదే అతడు చేసిన సాయము మీకు తెలియదు. జాందానీ యనునది పారశీకమునుండి వచ్చిన మాట. పూలపాత్ర యని దాని యర్థము. ఢాకా నగరపు జాందానీకి లోకమున పెద్దపేరు. దానిని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. మన ఉప్పాడ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. సాధారణపు నేతలో నాడె ఈ అంచునుండి ఆ అంచువరకు పరుగెత్తును. జాందానీలో పూవు ఎచట కావలెనో అచట మాత్రమే, పడుగు పోగులను లెక్కించి, చిన్న కండెతో వేరొక పోగును చేతితో చొప్పింతురు. ఒక మగ్గముకడ ఇద్దరు కూర్చుండి పనిచేయుదురు. చీర రెండు వైపుల ఒక్కతీరుగ నుండును. ఏది మేలు వైపో తెలియదు. పువ్వులు దట్టముగ నున్న చీరకు నెలలు పట్టును. పూవు రూపమును ముందుగ గళ్లకాగితముమీద గీసి, ఏ గడికి ఎన్ని పోగులో లెక్కకట్టి, ఆ లెక్కను మగ్గముపై త్రాళ్లకు ఎక్కింతురు. ఒక పోగు తప్పినచో పూవు వంకర పోవును.

ఆ నేతగాడు మా పటములన్నియు చూచి నవ్వెను. “మేష్టారూ, ఇలా చేత్తో గీస్తే ఎప్పటికీ కలవవండి. గళ్లమీద వెయ్యండి. గడికి ఇంత అని పెట్టుకోండి” అని చెప్పి, తన ఇంటినుండి ఒక పెద్ద గళ్లకాగితము తెచ్చియిచ్చెను. గడికి ఎంత పెట్టవలెనను చర్చ వచ్చినది. మీటరు అని నేనంటిని. మామ్మ ఒప్పుకొనలేదు. ఆమెకు మీటరు తెలియదు. రెండు చేతులు చాచిన బార తెలియును. వల కొలుచునది బారతోనే గదా! కావున గడికి ఒక బార యని నిర్ణయమైనది. ఇక పని సాగినది. కోవెల గుమ్మమునుండి నూతికి పన్నెండు బారలు. నూతినుండి చింతచెట్టునకు ఏడు. చెప్పువారు కన్నులు మూసికొని, ఇసుకలో అడుగులు వేసి చూపిరి. పిల్లలు వెనుక నడచుచు లెక్కించిరి. లేని వీథిలో ఆ వృద్ధులు నడచిన నడక నేనిప్పటికిని మరువలేదు. ఉన్న గోడను తప్పించుకొన్నట్లు ఒకచోట ప్రక్కకు జరిగిరి.

నూతి విషయమున మాత్రము తగవు తీరలేదు. కోవెలకు ఎడమవైపున నుండెనని మామ్మ, కుడివైపున నుండెనని ఒక వృద్ధ మత్స్యకారుడు. ఇద్దరును మాట తగ్గలేదు. రెండు దినములు పని ఆగినది. మూడవనాడు తెలిసిన దేమనగా, నుయ్యి రెండుమార్లు త్రవ్వబడినది. మొదటి నూతి నీరు ఉప్పగుటచేత దానిని పూడ్చి, రెండవది త్రవ్విరి. మామ్మ కాపురమునకు వచ్చినది రెండవ నూతి కాలమున. ఆయన పుట్టినది మొదటి నూతి కాలమున. ఇద్దరు చెప్పినదియు నిజమే. పటములో రెండు నూతులు గీసితిమి. ఉప్పునీరు ఊరిమీదికి రాకముందే ఊరిక్రిందికి వచ్చినదని ఆ రెండు నూతులు చెప్పుచున్నవి. ఏ పుస్తకములోను లేని ఈ సంగతి ఒక తగవులోనుండి బయటపడినది.

ఆ వృద్ధుడే ఇంకొక సంగతి చెప్పెను. చేపలు దొరకు చోట్లను కడలిలో ఎట్లు గుర్తుపట్టుదురని పిల్లలు అడిగిరి. ఒడ్డుననున్న కోవెల శిఖరమును, దాని వెనుకనున్న తాడిచెట్టును ఒక్క వరుసలోనికి వచ్చునట్లు నావను నడుపుట, అడ్డముగ మరి రెండు గుర్తులు చూచుకొనుట, ఆ రెండు వరుసలు కలిసినచోట వల వేయుట. ఇది వారి తండ్రులు నేర్పిన విద్య. అట్టి ప్రతిచోటునకు ఒక పేరు కూడ ఉండెడిది. కోవెల పోయినది, తాడిచెట్టు పోయినది; దానితో నీటిలోని ఆ చోటుల పేరులును పోయినవి. ఇప్పటివారు యంత్రములతో చోటు తెలిసికొందురు. వారికి పేరుతో పనిలేదు. ఆయనకు జ్ఞప్తికి వచ్చిన తొమ్మిది పేరులను పిల్లలు పటము అంచున వ్రాసిరి. ఇట్లు పటము నేల దాటి నీటిలోనికి పోయినది.

పటము సగమైనప్పుడు నా తోటి ఉపాధ్యాయుడొకరు చూచి, “ఇది భూగోళమా, చిత్రలేఖనమా? కళ యందురా దీనిని?” అని అడిగెను. హాస్యమునకే అడిగెను గాని ప్రశ్న మంచిది. ఆ తరువాత నేను చదివి తెలిసికొన్న కొన్ని సంగతులు దానికి జవాబుగ చెప్పెదను.

స్కాట్లండునకు పడమట నార్త్ ఉయిస్ట్ అను దీవి కలదు. మన కోనసీమవలెనే అదియు పల్లపు తీరము గలది. అచటి లాక్‌మాడీ అను గ్రామములోని కళాకేంద్రమున ఫిన్లండు దేశపు కళాకారులు పెక్కా నీట్టివిర్టా, టిమో ఆహో అనువారు 2018లో ఒక పని చేసిరి. భవనముల గోడలకు సన్నని తెల్లని దీపపు గీతలను అమర్చిరి. పోటు వచ్చినపుడు ఆ గీతలు వెలుగును. సముద్రమట్టము పెరిగినచో భవిష్యత్తున తుపానువేళ నీరు ఎచటివరకు వచ్చునో ఆ ఎత్తున ఆ గీత ఉండును. అంతే; మరేమియు లేదు. మనిషి ఆ గీతప్రక్కన నిలిచి, అది తన మోకాలి దగ్గర ఉన్నదో, గొంతు దగ్గర ఉన్నదో తానే చూచుకొనును. నాకు ఈ పని మిక్కిలి నచ్చినది. ఇందులో ఏడుపు లేదు, బెదిరింపు లేదు, కొలత ఉన్నది.

పసిఫిక్ సముద్రములోని మార్షల్ దీవుల కవయిత్రి కేథీ జెట్నిల్-కిజినర్ 2014లో న్యూయార్కున ఐక్యరాజ్యసమితి సభలో నిలిచి, తన పసికూతురును సంబోధించుచు వ్రాసిన కవితను చదివెను. లోకపు నాయకులెదుట బిడ్డతో మాటాడినట్లు మాటాడుట గొప్ప ధైర్యము. తువాలు అను చిన్న ద్వీపదేశపు మంత్రి సైమన్ కోఫే 2021లో మోకాలిలోతు సముద్రములో నిలిచి ప్రపంచసభకు సందేశము పంపెను. ఆ మరుసటియేట, తమ దీవులు మునిగినను వాని రూపము నిలుచునట్లు కంప్యూటరులో తమ దేశమునకు ప్రతిరూపము తయారు చేయుదుమని ఆయన ప్రకటించెను. అది చదివినపుడు నాకు మామ్మ బారలు జ్ఞప్తికి వచ్చినవి.

అంత దూరము పోనక్కరలేదు. మన పొరుగున ఒడిశాలో కేంద్రపాడ జిల్లా సాతభాయా గ్రామములను సముద్రము ఒకదాని వెంట నొకటిగ మ్రింగినది. మిగిలినవారిని ప్రభుత్వము బగపాటియా అను చోటికి తరలించినది. వారు తమ పంచువరాహి దేవతలను సముద్రమునకు వదలిరాలేదు. 2018లో విగ్రహములను కొత్త కోవెలకు తెచ్చుకొనిరి. ఆ దేవతలకు పూజలు చేయువారు మత్స్యకార స్త్రీలే. దేవతలు వచ్చిరి, పూజ వచ్చినది. పాత కోవెల వాకిటనుండి కనబడు సముద్రము మాత్రము రాదు గదా!

నా తోటి ఉపాధ్యాయునకు ఇప్పుడు నేను చెప్పు జవాబు ఇది. పోయినదానిని చూచి ఒక నిట్టూర్పు పుట్టించుట సులభము. కూలిన గోడ, ఒరిగిన చెట్టు చాలును. పోయినది ఏదో, ఎచటనుండెనో, ఎవరిదో తెలియునట్లు చేయుట కష్టము. నలువదియారు చిత్తరువులలోని సముద్రము ఏ దేశపు సముద్రమైనను కావచ్చును. ఆ బాలిక వేసిన నీలిరంగు ఆ ఒక్క వీథికి ముందుననున్న సముద్రము. కళ యని నేను దానినే యందును. నాలుగు మార్కులు వేసినవాడనే ఈ మాట చెప్పుచున్నాను.

పటము పూర్తి కావచ్చినప్పుడు, దీనినొక చీర కొంగున నేయరాదా యని నేతగాని అడిగితిని. అతడు చాలసేపు చూచెను. లెక్క వేసి, “నేయొచ్చండి. మూడు నెలలు పడుతుంది. ఎవరు కొంటారండి, మునిగిపోయిన ఊరిని కట్టుకోడానికి?” అనెను. నాకు మాట రాలేదు. కళను గూర్చి పాఠము చెప్పుట వేరు, మగ్గముమీద బ్రతుకుట వేరు. అతని మగ్గమో గుంట మగ్గము; కాళ్లు పెట్టుకొను గుంట నేలలో త్రవ్వబడి యుండును. వానలు, తుపానులు వచ్చినప్పుడు ఊరిలో అందరికన్న ముందుగ నీరు చేరునది ఆ గుంటలోనికే. పడుగు తడిసినచో వారముల కష్టము పోవును. అట్టి యింట నిలిచి మునిగిన ఊరిని నేయుమని అడుగుట నా తెలివితక్కువ. అయినను పటములో కోవెల శిఖరమును అతడే గీసెను. చిన్నతనమున తాను చూచినది. జాందానీ బుటావలె గడి తరువాత గడిగ నింపెను. ఆ పటము మొత్తములో అందమైన భాగము అదియే.

జనవరి నెలలో పటమును పాఠశాల వరండాలో గోడకు వ్రేలాడగట్టితిమి. అరువదిరెండు ఇండ్లు, రెండు నూతులు, ఒక కోవెల, ఒక చింతచెట్టు, వలల దిబ్బ, నీటిలోని తొమ్మిది పేరులు. ఇప్పటి ఒడ్డు ఎచట నున్నదో చూపుటకు ఒక చుక్కల గీత గీసి, దాని ప్రక్కన తేదీ వ్రాసితిమి. గీతకు ఆవలి భాగమునకు బాలిక నీలిరంగు వేసెను. కాని ఈసారి క్రిందనున్న ఇండ్లు కనబడునట్లు నీళ్లు ఎక్కువ కలిపి పలుచగ వేసెను.

చూచుటకు పేటవారందరు వచ్చిరి. ఎవరి ఇల్లు వారు వెదకికొని, గాజుమీద వ్రేలు పెట్టి పిల్లలకు చూపిరి. ఒకరిద్దరు తమ ఇంటికి బార తక్కువైనదని తగవు పెట్టుకొనిరి. మామ్మ అందరికన్న ఆలస్యముగ వచ్చెను. చేపలగంప వరండా మెట్టుమీద దింపి, తడిచేతులు కొంగున తుడుచుకొని, పటము దగ్గరగ నిలిచెను. ఆమెకు చదువు రాదు. కాని కోవెలనుండి నూతికి, నూతినుండి చింతచెట్టునకు వ్రేలితో నడచి, తన ఇంటి గుమ్మమును తానే కనుగొనెను. చాలసేపు అచటనే నిలిచి, చివరకు మనుమరాలివైపు తిరిగి, “గుమ్మం పెట్టావు, బాగుంది. మరి గుమ్మం పక్కన అరుగేదే? మీ తాత కూచునేది అక్కడే కదా” అనెను.

బాలిక గోడనుండి పటమును దింపి, వరండా నేలపై పరచి, పెన్సిలు తెచ్చుకొనుటకు తరగతిలోనికి పరుగెత్తెను.